లేని ఫైలు దగ్గర ఆగిన టూలు

మా ఆఫీసు గుంటూరులో, చిలకలూరిపేట వైపు వెళ్ళే రోడ్డు మీద, ఒక మోటార్ల షాపు పైన రెండో అంతస్తులో ఉంటుంది. మొత్తం పన్నెండు మందిమి. మిర్చి కోల్డ్ స్టోరేజీలకీ, పత్తి జిన్నింగ్ మిల్లులకీ, రైసు మిల్లులకీ, లారీలు తూచే కాటాలకీ ప్రోగ్రాములు రాసి, అక్కడున్న చిన్న చిన్న కంప్యూటర్లలో పెట్టి నడిపించడం మా వృత్తి. ఫిబ్రవరి నుంచి మే దాకా కిటికీలు తెరిస్తే చాలు, మిర్చి ఘాటు లోపలికొచ్చి ఒకరి తర్వాత ఒకరం తుమ్ముతాం. కొత్తగా చేరినవాళ్ళు మొదటివారం ముక్కుకి రుమాలు కట్టుకుంటారు. తర్వాత వాళ్ళూ మానేస్తారు.

నేను ఇక్కడ చేరి పదకొండేళ్ళయింది. మా నాన్న ఇప్పటికీ మిర్చి వేస్తాడు. ఆయన కాయలు పెట్టుకునే కోల్డ్ స్టోరేజీలో నడిచేది మా ప్రోగ్రామే కావడం ఆయనకి ధీమా, నాకు భయం.

ఆఫీసులో నా పని మిగతావాళ్ళ పనికి కాస్త పక్కన ఉంటుంది. నేను రాసేది ఏ మిల్లుకీ వెళ్ళదు. మిగతా పదకొండు మందీ వాడే పనిముట్టు ఒకటుంది, దాన్ని నేను చూసుకుంటాను. బిల్డ్ టూల్ అంటాం దాన్ని. ప్రోగ్రాం అంటే ఒక్క ఫైలు కాదు. తూకం చదివే ముక్క ఒకటి, తెర మీద చూపించే ముక్క ఒకటి, లేబుల్ అచ్చు వేసేది ఇంకొకటి, ఫలానా ఊళ్ళో ఫలానా యంత్రానికి సంబంధించిన వివరాల ఫైళ్ళు మరికొన్ని. వీటన్నిట్నీ ఏరి, జతచేసి, ఒక్క పొట్లంగా కట్టి చేతికిచ్చేది ఆ టూలు. అది బాగా పనిచేసినన్ని రోజులూ అది ఉందని కూడా ఎవరికీ గుర్తుండదు.

దాన్ని మొదట రాసింది మా సార్. ఈ ఆఫీసు పెట్టింది కూడా ఆయనే. చీరాల్లో నేతపని చేసే ఇంట్లో పుట్టి, పాలిటెక్నిక్ చదివి, తూకం మిషన్లు బాగుచేస్తూ బాగుచేస్తూ ప్రోగ్రాములు నేర్చుకున్నారు. ఆయనకి ఒక్కటే సూత్రం. నిన్న నడిచింది ఇవాళ ఆగకూడదు. టూల్లో ఏ చిన్న మార్పు చేస్తానన్నా, "పాతవాటి సంగతేంటమ్మా?" అని అడిగేవారు. పదిహేనేళ్ళ కిందట పొట్లం కట్టిన ప్రోగ్రాం కూడా ఇవాళ్టి టూలుతో మళ్ళీ అచ్చం అలాగే కట్టగలగాలి. అది ఆయన పంతం.

కథ మొదలైంది ఒక ఏప్రిల్ మధ్యాహ్నం. నరసరావుపేట రోడ్డులోని ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి ప్లాంటు ఆపరేటర్ ఫోన్ చేశాడు. గదుల్ని చల్లబరిచే యంత్రాలు చూసుకునే మనిషి, యాభై దాటినవాడు.

"అమ్మా, మీ సైరను మోగదా?" అన్నాడు.

"ఏమైందండీ?"

"కంప్రెసర్ ఆగిపోయి గంట పైన అయింది. నేను అన్నానికి పోయా. వచ్చి మూడో గది తలుపు తీస్తే మొహానికి చలి తగల్లా. చెమ్మ తగిలింది. తెర మీద చూస్తే పదకొండు డిగ్రీలు చూపిస్తంది. సైరను మాత్రం చప్పుడు లేదు."

ఆ గది ఆరు డిగ్రీలు దాటగానే సైరను మోగాలి. గదినిండా మిర్చి బస్తాలు, మా వైపు టిక్కీలు అంటాం. ఎండాకాలంలో చల్లదనం తప్పితే కాయ రంగు దిగిపోతుంది. అదృష్టం బాగుండి ఆయన భోజనం తొందరగా ముగించాడు, కంప్రెసర్ మళ్ళీ ఎత్తుకుంది, సాయంత్రానికి గది మామూలుగా చల్లబడింది. ఒక్క కాయ పాడవలేదు. నేను మాత్రం స్కూటీ వేసుకుని అప్పటికప్పుడే వెళ్ళాను.

అక్కడి కంప్యూటర్ ముందు కూర్చుని పది నిమిషాలు చూసేసరికి సంగతి తెలిసిపోయింది. ఎన్ని డిగ్రీలకి సైరను మోగాలో రాసిన ఫైలే పొట్లంలో లేదు. రెండు వారాల కిందట ఆ ఫైలు పేరు మార్చింది నేనే. పేర్లన్నీ ఒక పద్ధతిలో ఉండాలని ఒక అడ్డగీత తీసి చుక్క పెట్టాను. టూలు పాత పేరు కోసం వెతికింది. దొరకలేదు. ఆరువందల వరుసల మధ్యలో ఒక్క పసుపు వరుస వేసింది, ఆ ఫైలు లేదు, వదిలేస్తున్నానని. చివర్లో ఆకుపచ్చ రంగులో పూర్తయిందని చెప్పింది. ఆ ఆకుపచ్చ చూసి పంపించేశాను. సైరనుకి హద్దు తెలియదు కాబట్టి అది ఎప్పటికీ మోగదు.

ఫైలు మళ్ళీ సరిగ్గా పెట్టి, తప్పు నాదేనని ఆపరేటర్‌తో చెప్పాను. ఆయనేమీ కోప్పడలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అన్నాడు.

"తప్పు ఎవరైనా చేస్తారమ్మా. కానీ చెప్పాలి గదా. నోరు మూసుకు కూచుంటే ఎట్టా?"

ఆయన అన్నది సైరను గురించి. నేను విన్నది టూలు గురించి.

ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను. లేని ఫైలు కనిపిస్తే టూలు అక్కడికక్కడే ఆగిపోవాలి. ఇష్టమైతే పెట్టుకునే సదుపాయంలా కాదు, ఎవరూ ఏమీ చెప్పకపోయినా అదే దాని స్వభావం కావాలి. మార్పు చాలా చిన్నది, నాలుగు వరుసలు. అప్పుడు సార్ కంటిలో శుక్లం ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నారు. ఆయన్ని అడగాలనిపించలేదు. అడిగితే పాతవాటి సంగతి అడుగుతారు. సోమవారం పొద్దున కొత్త టూలు అందరి కంప్యూటర్లలోకీ పంపి, కాఫీ తెచ్చుకుని కూర్చున్నాను. మంచిపని చేశానన్న గర్వం కూడా ఉంది, దాచను.

పదిన్నరకి మొదటి ఫోను. తర్వాత ఇంకోటి. పదకొండు కల్లా ఆఫీసులో అందరూ నా బల్ల చుట్టూ ఉన్నారు. మా దగ్గర నడుస్తున్న ప్రాజెక్టులు నలభై మూడు. వాటిలో ఇరవై తొమ్మిది ఆగిపోయాయి. ఎప్పుడో రాసి, ఎప్పటినుంచో చక్కగా నడుస్తున్నవి, ఎవరూ వేలు పెట్టనివి కూడా ఫైలు లేదంటూ మొరాయిస్తున్నాయి.

అన్నిటికన్నా గట్టి దెబ్బ నా క్లాస్‌మేట్‌కి తగిలింది. మేమిద్దరం ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో చదివాం, ఒకే ఏడు ఇక్కడ చేరాం. బయట ఊళ్ళు తిరిగి యంత్రాల దగ్గర నిలబడి పని చేయించేది వాడు. ఆ పూట ఒక జిన్నింగ్ మిల్లులో ఉన్నాడు. పత్తి బేళ్ళు తూచే ప్రోగ్రాంలో చిన్న సవరణ చేసి అరగంటలో ఇచ్చేస్తానని మిల్లువాళ్ళకి మాటిచ్చాడు. సవరణ పది నిమిషాల్లో అయిపోయింది. పొట్లం కట్టబోతే టూలు ఆగింది. మిల్లు బయట లారీలు వరసకట్టాయి.

"ఒసేయ్, ఏం చేశావే దీన్ని?" అన్నాడు ఫోన్లో. వెనక డ్రైవర్ల కేకలు నాకు వినిపిస్తున్నాయి.

"ఫైలు లేకపోతే ఆగుతుందిరా. లేని ఫైలు పెట్టు, పోతుంది."

"ఆ ఫైలు ఈ మిల్లుకి ఎప్పుడూ లేదు. ఏడేళ్ళ నుంచి లేకుండానే నడుస్తోంది. నీ టూలు నాకు నీతులు చెబుతోందే. నాకు నీతులు వద్దు, పొట్లం కావాలి."

ఒంటిగంటకి నా నాలుగు వరుసలూ తీసేసి, పాత టూలే మళ్ళీ అందరికీ పంపాను. ఎవరూ తిట్టలేదు. అదే ఎక్కువ బాధగా అనిపించింది. అందరూ వచ్చినంత మర్యాదగా వెళ్ళిపోయి ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు.

రెండో రోజు సార్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆఫీసుకి వచ్చారు. డాక్టరు వారం దాకా వద్దన్నా వచ్చారు. నన్ను గదిలోకి పిలిచారు.

"అడగకుండా ఎందుకు చేశావమ్మా?"

"అడిగితే వద్దంటారని సార్."

ఆయన నవ్వారు. నల్లద్దాల వెనక కళ్ళు కనబడవు కాబట్టి అది ఎలాంటి నవ్వో తెలియలేదు.

"వద్దనే అనేవాణ్ణి. అది నా తప్పు. కోల్డ్ స్టోరేజీ సంగతి నాకు చెప్పారు. అక్కడ టూలు ఆగాల్సిందే. నువ్వన్నది నిజం. మిల్లు దగ్గర టూలు ఆగకూడదు. అదీ నిజమే. ఇప్పుడు ఒక పని చెయ్యి. ఆగిపోయిన ఆ ఇరవై తొమ్మిదీ ఎందుకు ఆగాయో ఒక్కొక్కదాని కారణం తెలుసుకుని నాకు చెప్పు. ఆ ఫైలు ఎందుకు లేదు? మర్చిపోయారా, కావాలనే తీసేశారా? కంప్యూటర్ ముందు కూర్చుంటే తెలియదు. వెళ్ళి చూడు."

అలా ఆ వేసవి అంతా నేను ఊళ్ళు తిరిగాను. పదేళ్ళుగా టూలు రాస్తున్నానే కానీ, అది కట్టే పొట్లాలు ఎక్కడికి వెళ్తాయో నేను చూసింది చాలా తక్కువ.

దాచేపల్లి దగ్గర ఒక సున్నపురాయి క్వారీ ఉంది. లారీలు తూచే కాటా గదిలో మా ప్రోగ్రాం నడుస్తుంది. అక్కడ ప్రింటర్ వివరాల ఫైలు లేదు. ఎందుకు లేదని కాటా చూసే ఆయన్ని అడిగాను. ఆయన తల నుంచి చెప్పుల దాకా తెల్లగా ఉన్నాడు. నోటితో చెప్పకుండా గోడ వైపు చెయ్యి చూపించాడు. గోడ మీద సుద్దతో పెద్ద అక్షరాలు: ప్రింటర్ పెట్టవద్దు. దుమ్ము.

"మూడు ప్రింటర్లు పోయినయ్యమ్మా ఈ దుమ్ముకి," అన్నాడు తర్వాత. "మీ సారే వచ్చి, ఆ ఫైలేదో తీసేసి పోయాడు. అది లేకపోతే ప్రింటర్ లేదనుకుని పని చేసుకుపోద్దంట. చీటీ నేను చేత్తో రాసిస్తా."

"మరి ఈ గోడ మీద ఎందుకు రాశారు?"

"మీ ఆఫీసోళ్ళు ఒక్కొక్కసారి ఒక్కొక్కరు వస్తారు. వచ్చినప్పుడల్లా అయ్యో ప్రింటర్ లేదే అని బిగిస్తామంటారు. ప్రతివాడికీ మొదట్నించీ చెప్పలేక రాసి పెట్టా. ఎందుకు వద్దో కూడా రాస్తే ఇంక ఎవడూ అడగడు."

పొన్నూరులో ఒక రైసు మిల్లు. అక్కడ తేమ కొలిచే మీటరు ఫైలు లేదు. మీటరే లేదు. మిల్లు యజమాని ధాన్యం గింజ పంటికింద కొరికి తేమ ఎంతో చెప్పేస్తాడు. నేను నమ్మలేదని గ్రహించి, పక్క మిల్లు నుంచి మీటరు తెప్పించి నా ఎదురుగా మూడు రకాలు కొరికి చెప్పాడు. మూడూ దగ్గర దగ్గరగా సరిపోయాయి. ఆ మీటరు తెచ్చి బిగించమని నా టూలు ఆయనకి చెప్పబోయింది.

ఇలా ఇరవై తొమ్మిదీ తిరిగాను. ఇరవై ఆరు చోట్ల ఫైలు కావాలనే లేదు. లేకపోవడమే అక్కడి ఏర్పాటు. ఒక్కో దాని వెనకా ఒక మనిషి ఆలోచన ఉంది, కాకపోతే అది ఎక్కడా రాసి లేదు. మిగతా మూడు చోట్ల ఎందుకు లేదో ఎవరికీ తెలియదు. కనుక్కుంటే, ఒకప్పుడు అవసరమై ఇప్పుడు అక్కర్లేనివని తేలింది.

తిరిగొచ్చాక నేను టూలుని వేరే రకంగా చూడటం మొదలుపెట్టాను. పాత టూలు ఏ ఫైలు లేకపోయినా ఒక పసుపు వరుస వేసి ఊరుకుంటుంది. నా సోమవారం టూలు ఏ ఫైలు లేకపోయినా పని ఆపేస్తుంది. కావాలని తీసేసినదానికీ పొరపాటున పోయినదానికీ తేడా రెండిటికీ తెలియదు. ఆ తేడా మనిషి రాసి పెడితే తప్ప ఏ టూలుకీ తెలియదు.

కొత్త పద్ధతి ఇలా పెట్టాను. ప్రతి ప్రాజెక్టుకీ మొదటి వరుసలో అది ఏ రూల్సు కింద నడుస్తుందో రాసుంటుంది. ఆ వరుస లేకపోతే అది పాతది, రూల్సు ఒకటి. దానికి నిన్న ఎలా కట్టేవాళ్ళమో ఇవాళా అలాగే కడతాం. కొత్తగా మొదలయ్యే ప్రాజెక్టుకి మాత్రం టూలే తనంతట తాను రూల్సు రెండు అని రాసేస్తుంది. రూల్సు రెండులో లేని ఫైలు అంటే ఆగిపోవడమే. ఆ ఫైలు నిజంగా అక్కర్లేకపోతే, అక్కర్లేదని ఒక వరుస రాయాలి. ఆ వరుసలో ఎందుకు అక్కర్లేదో కారణం రాయాలి. కారణం ఖాళీగా వదిలితే టూలు ఒప్పుకోదు. దాచేపల్లి గోడని నేను టూల్లోకి తెచ్చుకున్నాను, అంతే. ఇంగ్లీషులో ఉండే సందేశాలన్నీ తెలుగులోకి మార్చాను. ఫైలు పేరేమిటి, ఎక్కడ వెతికాను, దాదాపు అదే పేరుతో ఇంకేదైనా కనిపించిందా, ఇప్పుడు మీరేం చేయొచ్చు, ఇవన్నీ మామూలు మాటల్లో చెప్పేలా పెట్టాను.

సార్‌కి చూపించాను. అప్పటికి నల్లద్దాలు పోయి మామూలు కళ్ళజోడు వచ్చింది. చాలాసేపు చదివారు.

"రూల్సు రెండు రకాలైతే టూళ్ళు రెండైనట్టే. ఇవాళ రెండు, రేపు మూడు. ఎవరు చూసుకుంటారు ఇవన్నీ?"

"పాత రూల్సుని ఎవరూ ముట్టుకోకుండా తాళం వేస్తాను సార్. ఎవరైనా పొరపాటున కదిలిస్తే వెంటనే తెలిసేలా చేస్తాను."

"ఎలా తెలుస్తుంది?"

"నలభై మూడింటినీ పాత టూలుతో ఒకసారి, కొత్త టూలుతో ఒకసారి కట్టి, రెండు పొట్లాలూ అక్షరం అక్షరం పోలుస్తాను. ఒక్క అక్షరం తేడా వచ్చినా కొత్త టూలు బయటికి వెళ్ళదు."

"చెయ్యి," అన్నారు. "నలభై మూడూ సరిపోయినరోజు నాకు చెప్పు."

మొదటిసారి పోలిస్తే నలభై మూడూ తేడాగానే వచ్చాయి. తర్వాత చూస్తే, టూలు ప్రతి పొట్లం మీదా కట్టిన సమయం ముద్ర వేస్తుంది. రెండిటినీ రెండు వేళల్లో కట్టాను కాబట్టి అన్నీ తేడానే. రెండిటికీ ఒకే గడియారం చూపించి మళ్ళీ కట్టాను. నలభై రెండు సరిపోయాయి. ఒక్కటి సరిపోలేదు.

అది పొన్నూరు రైసు మిల్లుదే. పాత టూలు ఫైళ్ళని ఒక వంకర వరుసలో తీసుకుంటుంది, పది తర్వాత రెండు వచ్చినట్టు. కొత్త టూల్లో నేను దాన్ని సరిచేశాను, రెండు తర్వాత పది వచ్చేలా. ఆ మిల్లు ప్రోగ్రాం ఆ వంకర వరుసనే నమ్ముకుని ఉంది. నా సవరణతో కడితే బియ్యం రకాల పేర్లు తారుమారవుతాయి. పాత టూల్లో ఉన్నది నిజంగా తప్పే. నాలుగు రోజులు దాన్ని అలా వదిలేయడానికి మనసొప్పలేదు. ఆ వంకరని నేను ఎంతో ముచ్చటపడి సరిచేశాను.

"మిల్లు ఆ తప్పు మీద నడుస్తోంది కదమ్మా," అన్నారు సార్. "రూల్సు రెండులో సరిచేసుకో. ఒకటిలో ఉండనీ."

వంకర వరుసని నా చేత్తో నేనే మళ్ళీ పాత రూల్సులో పెట్టాను. పక్కన కారణం రాశాను, ఫలానా మిల్లు దీన్ని నమ్ముకుని ఉంది, ముట్టుకోవద్దని. మళ్ళీ పోల్చాను. తెర మీద ఒకదాని కింద ఒకటి వరసగా సరిపోయింది, సరిపోయింది అని పడుతూ పోయాయి. ముప్పై దాటాక చుట్టుపక్కలవాళ్ళు లేచొచ్చి నా వెనక నిలబడ్డారు. నలభై మూడోది పడగానే మా లేబుళ్ళ ప్రోగ్రాం రాసే అమ్మాయి నా భుజాలు పట్టుకుని కుర్చీతో సహా గిర్రున తిప్పింది. సార్ తన గది తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. కిందికి వెళ్ళి, అందరికీ మిరపకాయ బజ్జీలు తెచ్చారు.

ఒక్క విషయంలో నేను పట్టు విడవలేదు. సైరను ఉండే ప్రాజెక్టులు, అంటే కోల్డ్ స్టోరేజీలవి, పాతవైనా సరే వెంటనే రూల్సు రెండులోకి రావాలన్నాను. వాటికి నచ్చినప్పుడు మారే స్వేచ్ఛ లేదు. ఇది సార్ సూత్రానికి అడ్డం. ఆయన వేళ్ళతో బల్ల మీద కొడుతూ కాసేపు ఆలోచించారు.

"బలవంతం పెడతానంటున్నావు. ఆ పని ఎవరు చేస్తారు? అక్కడి కుర్రాళ్ళ నెత్తిన పడేస్తావా?"

"నేనే చేస్తాను సార్. ఆరు కోల్డ్ స్టోరేజీలు. ఆరింటికీ నేనే వెళ్ళి మార్చి, సైరను మోగించి చూసి వస్తాను."

"అయితే సరే. బలవంతం పెట్టేవాడే బరువు మొయ్యాలి."

డిసెంబరు లోపల, కొత్త కాయ రాకముందే ఆరూ పూర్తిచేశాను. నరసరావుపేట రోడ్డు ఆపరేటర్ దగ్గరికి చివర్న వెళ్ళాను. గది వేడెక్కినట్టు చూపించి సైరను మోగించాను. ఆ రేకుల షెడ్డులో చెవులు గింగిర్లెత్తాయి. హమాలీలు పరుగెత్తుకొచ్చారు. ఆయన తాపీగా బీడీ ఆర్పేసి, "ఆ, ఇప్పుడు నోరొచ్చింది దీనికి," అన్నాడు.

మిగతా పాతవాటిని మారమని ఎవరినీ అడగలేదు. రూల్సు రెండు కింద కట్టి ఉంటే ఏం తేలేదో టూలు చివర్లో మూడు వరుసల్లో చెప్పేది, అంతే. ఇష్టమైతే చదువుతారు. అయినా నెలకి రెండో మూడో వాటంతట అవే మారుతూ వచ్చాయి. ఎవరో ఒకరు ఒక సవరణ కోసం ప్రాజెక్టు తెరిచి, ఎలాగూ తెరిచాం కదా అని మార్చేసేవాళ్ళు. వాళ్ళు రాసిన కారణాలు చదవడం నాకు అలవాటైంది. ఈ కాటాకి పడమర వైపు తెర లేదు, ఎండపడి కనిపించదు. ఈ మిల్లులో అక్కడ కోతులు తీగలు పీకేస్తాయి. పదిహేనేళ్ళుగా మనుషుల తలల్లో ఉన్నదంతా మెల్లగా కాగితం మీదికి వస్తోంది.

నా క్లాస్‌మేట్ మాత్రం తన జిన్నింగ్ మిల్లు ప్రాజెక్టులు ఒక్కటీ మార్చలేదు. "నీ రూల్సు నీ దగ్గరే ఉంచుకో," అనేవాడు. అన్నంత మాత్రాన మా స్నేహానికేమీ కాలేదు, మధ్యాహ్నం నా క్యారేజీలో గోంగూర వాడికి పోకుండా ఏ రోజూ లేదు.

మే నెల వచ్చింది. రోడ్డు మీద తారు మెత్తబడే ఎండలు. నేను మార్చిన ఆరింటిలో ఒకటైన చిలకలూరిపేట దగ్గరి కోల్డ్ స్టోరేజీవాళ్ళు కొత్తగా ఏడో గది కట్టారు. ప్రోగ్రాంలో ఆ గదిని కలిపే పని వాడికి పడింది. గది అప్పటికే టిక్కీలతో నిండిపోయింది, త్వరగా చెయ్యమని వాళ్ళ తొందర. మిట్టమధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు.

"ఆగిందే నీ టూలు," అన్నాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

"ఏమంటోంది?"

"ఏడో గది హద్దుల ఫైలు లేదంటోంది. నాకు తొందరగా ఉంది. వీళ్ళు నెత్తిమీద నిలబడి ఉన్నారు. అక్కర్లేదని రాసేసి పోదామనుకున్నా."

"రాశావా?"

వాడి వెనక కంప్రెసర్ల హోరు వినిపిస్తోంది.

"కారణం రాయమంది. కారణం అని టైపు చేసి ఆగిపోయా. ఏం రాయను? ఏడో గదికి సైరను ఎందుకు అక్కర్లేదో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పుడు వెళ్ళి చూశా. ఆరో గది ఫైలు కాపీ చేసి ఏడు అని పేరు పెట్టడం మర్చిపోయా. నిరుడైతే పచ్చగా పూర్తయిందని వచ్చేది. నేనూ బండెక్కి వచ్చేసేవాణ్ణి."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు.

"పెట్టావా ఇప్పుడు?"

"పెట్టా. మోగించి కూడా చూశా. బాగా మోగుతోంది." ఆగి, మళ్ళీ అన్నాడు. "ఒసేయ్, నా మిల్లులవి కూడా మార్చేస్తాలే. ఆదివారం నాకు దగ్గరుండి చెప్పు."

ఫోను పెట్టేసి ఆ మాట ఆఫీసులో అందరికీ చెప్పాను. రెండుసార్లు చెప్పాను. రెండోసారి చెప్పేటప్పుడు నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. సరిగ్గా అదే రోజున పొన్నూరు మిల్లుకి వాళ్ళ పాత ప్రోగ్రాం మళ్ళీ కట్టి పంపాం. వంకర వరుసతో సహా, ఒక్క అక్షరం తేడా లేకుండా వెళ్ళింది. ఒక టూలు ఒకచోట గట్టిగా ఆగింది, ఇంకోచోట నిన్నటిలాగే నడిచింది. ఒకే రోజున రెండూ చూసిన సంతోషం ఎలాంటిదో ఈ పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. బయటవాళ్ళకి చెప్పాలంటే ఇంత కథ చెప్పాలి.

జూన్‌లో వానలు పడకముందు ఒక ఆదివారం సార్ మమ్మల్నందరినీ వాడరేవు తీసుకెళ్ళారు. పడవల పక్కన చేపలు ఎండబెట్టిన చోటు దాటి, ఖాళీగా ఉన్న వైపు చాపలు వేసుకున్నాం. రొయ్యల వేపుడు, అన్నం, చారు. అందరూ తిన్నాక సార్ ఇసుకలో నా పక్కకొచ్చి కూర్చున్నారు.

"టూల్లో ఏ మార్పు వెళ్ళాలన్నా ఇన్నాళ్ళూ నేను చూసి సరే అనాలి కదా. రేపట్నుంచి నువ్వు సరే అంటే చాలు. నన్ను అడగక్కర్లేదు."

"మీరు చూడకపోతే ఎలా సార్?"

"చూస్తాను. చదువుకోడానికి చూస్తాను. ఆపడానికి కాదు." చేతికంటిన ఇసుక దులుపుకున్నారు. "నేను పదిహేనేళ్ళు ఏదీ ఆగకుండా చూశాను. ఎక్కడ ఆగాలో తెలియలేదు. నీకు తెలిసింది."

నా క్లాస్‌మేట్ అవతలి నుంచి విన్నాడు. "సార్, ఇక మమ్మల్ని బతకనివ్వదు ఇది," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ కళ్ళు తుడుచుకోవడానికి నీళ్ళ దాకా నడిచి వెళ్ళాల్సి వచ్చింది. అలలు మోకాళ్ళ దాకా వస్తున్నాయి. చుడీదారు తడిసినా పట్టించుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తే పదకొండు మందీ చాపల మీద కూర్చుని ఏదో వాదించుకుంటున్నారు. వాళ్ళు రేపు పొద్దున వచ్చి పని మొదలుపెట్టేది నా పనిముట్టుతోనే.

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో పాటలు మొదలయ్యాయి. నేను డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని, రూల్సు మూడు అంటూ పెడితే అందులో ఏమేం ఉండాలో ఫోన్లో రాసుకుంటూ వచ్చాను. పర్చూరు దాటేసరికి నాలుగు వచ్చాయి. చిలకలూరిపేట చేరేలోపు వాటిలో రెండు కొట్టేశాను.